నవ్వించు నేరములు: తెనాలి వంకాయల దొంగ మొదలుకొని

రాజుగారి తోటలోని వంకాయలు ఒక రాత్రి మాయమైనవి. తోటకు కావలి యున్నది. ముట్టినవానికి శిరచ్ఛేదమని చాటింపును ఉన్నది. అయినను వంకాయలు పోయినవి. అనుమానము తెనాలి రామకృష్ణునిమీద నిలిచినది. ఏలనన, అంతటి సాహసమును అంతటి జిహ్వచాపల్యమును ఒక్క మనిషియందు కూడియుండుట ఆ నగరములో మరియొకచోట లేదు. విచారణ చేయువారు కవిని అడుగలేదు. మాటలాడనిచ్చినచో ఆయన తప్పించుకొనునని వారికి తెలియును. ఆయన కుమారుని పిలిపించిరి. పసివాడు కల్లలాడడు గదా! “రాత్రి ఏమి తింటివి?” అనిరి. “వంకాయకూర” అని వాడు ఉన్నమాట చెప్పినాడు. సభ ఊపిరి బిగబట్టినది. “ఎప్పుడు తింటివి?” అనిరి. “పెద్దవాన కురిసినప్పుడు, నాన్న నన్ను మేడమీదనుండి లేపి లోపలికి తీసికొనిపోయి పెట్టినాడు” అని వాడు మరల ఉన్నమాటయే చెప్పినాడు. ఆ రాత్రి నగరములో చినుకైన పడలేదు. బాలుడు కలగన్నాడని తీర్మానించి విచారణాధికారులు లేచిపోయిరి. మేడమీద నిద్రించుచున్న పిల్లవానిపై తండ్రి కడవెడు నీళ్లు కుమ్మరించిన సంగతి వారికెట్లు తెలియును?

ఈ కథను తెలుగునాట వినని పిల్లలుండరు. వినిన పెద్దలలో దీనిని నేరకథగా ఆలోచించినవారు మాత్రము తక్కువ. ఇందులో సాక్షి అబద్ధమాడలేదు. ప్రతిమాటయు వాడు నమ్మి చెప్పినదే. నేరస్థుడు సాక్షి నోరు మూయింపలేదు, సాక్ష్యము చుట్టునున్న ఆకాశమును మార్చినాడు. పాశ్చాత్య దేశములలో అపరాధ పరిశోధన నవల పుట్టుటకు చాల ముందే మన అరుగులమీద ఈ చమత్కారము పుట్టి పెరిగినది. మరియొక విశేషము: కథ వినువారందరు దొంగ పక్షముననే యుందురు. వంకాయలు పోయిన రాజుమీద ఎవరికిని జాలి కలుగదు.

తెనాలిలోనే పుట్టిన మరియొక చాటుకథలో పాత్రలు తారుమారగును. ఇంటి వెనుక అరటిచెట్ల నీడలో దొంగలు పొంచియున్నారని రామకృష్ణుడు పసిగట్టి, ఊరిలో దొంగల భయము హెచ్చినది గనుక నగలన్నియు మూటగట్టి బావిలో వేయుచున్నానని భార్యతో బిగ్గరగా చెప్పును. బండరాళ్ల మూట బావిలో పడును. దొంగలు తెల్లవార్లు నీళ్లు తోడుదురు. కవి చీకటిలో పాదులు సవరించుకొనును. తెల్లవారుజామున “ఇక చాలును నాయనా, తోట తడిసినది” అను మాట వినబడును. పత్తిచేనికి, మిరపతోటకు నీరు పెట్టుట ఎంత కష్టమో ఎరిగిన గుంటూరు మండలపు రైతు ఈ కథకు నవ్వినంతగా మరియొకరు నవ్వలేరు. కూలి ఇయ్యకుండ రాత్రికి రాత్రి తడి పూర్తియైనది గదా!

ఇవి చాటుకథలు, చరిత్ర కాదు. రామకృష్ణుడు రాయల కాలమువాడు కాడనియు, తరువాతివాడనియు పలువురు పండితులు వాదించిరి. అది అట్లుండనిండు. కవిత్వముగా మనకు నిశ్చయముగా మిగిలిన పాండురంగమాహాత్మ్యమును తెరచినచో అక్కడను ఒక దొంగతనము కనబడుచున్నది. అది చాటుకథలకంటె నెన్నియో రెట్లు లోతైనది. పిఠికాపురపు బ్రాహ్మణుని కుమారుడు నిగమశర్మ చెడు సావాసములలో పడి ఇల్లు గుల్ల చేయుచుండగా, వానిని దిద్దుటకు అక్క అత్తవారింటినుండి మగనితోను బిడ్డలతోను దిగివచ్చును. తమ్మునికి తలంటిపోసి, అన్నము పెట్టి, చల్లగా బుద్ధులు చెప్పును. తమ్ముడు మారినట్లే నటించును. కొన్నాళ్లు ఇల్లు కదలడు. అందరు నమ్మి ఆదమరచి నిద్రించిన ఒక రాత్రి ఇంటనున్న సొమ్మంతయు మూటగట్టుకొని పోవును.

మరునాటి ఉదయము ఆ యింట లేచిన ఏడుపును రామకృష్ణకవి వర్ణించిన తీరు తెలుగు హాస్యమునకు శిఖరములలో నొకటి. తల్లిదండ్రులు కొడుకు పోయెనని ఏడువవలసినచోట ఎవరి వస్తువునకు వారేడ్తురు. అక్కకు తమ్ముడు పోయిన దుఃఖముకంటె, క్రొత్తగా చేయించుకొన్న ముక్కర పోయిన దుఃఖము మిన్న. పాఠకుడు నవ్వును; నవ్వుచునే ఆమెయెడ జాలిపడును. ఆమె తమ్ముని ప్రేమించలేదని కాదు. ప్రేమయు ముక్కరయు ఒకే గుండెలో ఇరుకుగా ఇమిడియుండుట లోకసహజము. కవి ఆమెకు పేరైన పెట్టలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు ‘నిగమశర్మ అక్క’ యను వ్యాసమున ఆ పేరులేని పాత్రను పట్టుకొని ఎంత సరసముగా విమర్శించిరో తెలుగు చదివినవారెల్లరు ఎరుగుదురు. ఒక చోరకథ, అందులో ముక్కరకై విలపించు నొక ఆడపడుచు, వీరు మన ప్రబంధ సాహిత్యములో చిరస్మరణీయులైరి. అయినను ‘నేరకథ’ యనగానే మన పండితులు ముఖము చిట్లింతురు!

ఈ చిట్లింపు ఎక్కడినుండి వచ్చినదో విచారింపవలసియున్నది. సంస్కృతమున అట్టి శంక లేదు. మృచ్ఛకటికలో శర్విలకుడు చారుదత్తుని గోడకు కన్నము వేయుచు, ఏ ఆకారమున వేసినచో మరునాడు చూచువారు మెచ్చుకొందురోయని శిల్పివలె ఆలోచించును. కొలత త్రాడు మరచివచ్చుటచే యజ్ఞోపవీతముతో కొలుచుకొనును. నగల పెట్టెను విదూషకుడు నిద్రలో కలవరించుచు స్వహస్తముతో వాని కందించును. తెల్లవారిన తరువాత చారుదత్తుడు ఆ కన్నపు సౌందర్యమును చూచి మెచ్చుకొనును! ఆ నాటకముననే శకారుడున్నాడు. రామాయణ భారతములను కలగాపులగము చేసి మాటలాడు మూర్ఖుడు. వాని ప్రతిమాటకు ప్రేక్షకుడు నవ్వును. వసంతసేన గొంతు నులిమినవాడును వాడే. ఆ నేరమును చారుదత్తునిపై మోపినవాడును వాడే. హాస్యపాత్రయే హంతకపాత్ర కావచ్చునను సూత్రము శూద్రకునికి తెలిసినంతగా నేటి రచయితలలో చాలమందికి తెలియదు.

తెలుగున గురజాడ అప్పారావుగారికి తెలిసినది. 1897లో మొదట అచ్చై, 1909లో మారురూపము దాల్చిన కన్యాశుల్కములో కథను నడుపునది ఒక హత్యకేసు. హతురాలు లేని హత్య! కరటకశాస్త్రి తన శిష్యునకు ఆడవేషము వేసి లుబ్ధావధానులుకు పెండ్లికూతురుగా అమ్మును. పెండ్లికూతురు మాయమగును. ముసలి పెండ్లికొడుకుమీద ఖూనీ నేరము పడును. చంపబడినదనుకొన్న పిల్ల మగపిల్లవాడై నిక్షేపముగా తిరుగుచుండును. రహస్యము పాఠకునకు తెలియును, పాత్రలకు తెలియదు. దానిని విప్పుటకు మధురవాణి మగవేషము వేసికొని సౌజన్యారావు పంతులు ఇంటికి పోవలసివచ్చును. ఇందులో పరిశోధకుడు లేడని ఎవరైన ననినచో, మధురవాణికంటె గొప్ప పరిశోధకుని చూపుమని వారినే అడుగవలెను.

ఆంగ్లమున ఈ ప్రక్రియకు రాచబాట వేసినవారు పరిశోధకునినే చిత్రమైన మనిషిగా మలచిరి. 1887లో వెలువడిన తొలి నవలనుండియు షెర్లాక్ హోమ్స్ వింత అలవాట్ల పుట్ట. పొగాకును పారశీకపు జోడులో దాచుకొనును. 1920లో అవతరించిన పొయిరోకు మీసముమీద గల శ్రద్ధ అంతయింత కాదు. మిస్ మార్పుల్ అల్లికసూదులతో కూర్చున్న ముసలమ్మ. ఆమెను చూచినచో మన పల్లెలలో వసారాలో కూర్చుండి వత్తులు చేసికొనుచు ఊరి గుట్టంతయు చెప్పగల అమ్మమ్మ జ్ఞాపకమునకు వచ్చును. చెస్టర్టను వ్రాసిన ఫాదర్ బ్రౌన్ కథలలో ఒకదానియందు ఇంటిలోనికి హంతకుడు పోవుట కాపలావారిలో నొక్కరును చూడలేదందురు. పోయినవాడు తపాలా బంట్రోతు. వానిని మనిషిగా ఎవరును లెక్కింపలేదు.

ఈ చివరి కథలో ఈ జాతి రచనల మర్మము కొంత బయటపడుచున్నది. నవ్వు వట్టి అలంకారము కాదు; అది తెర. చిత్రమైన మనిషి ఒకడు వచ్చి విపరీతముగా ప్రవర్తించును. పాఠకుడు వాని చేష్టకు నవ్వి ముందుకు సాగును. ఆ చేష్టలోనే ఆధారము దాగియుండును. గంభీరముగా చెప్పినచో పాఠకుడు దానిని మూటగట్టుకొనును. నవ్వించి చెప్పినచో జారవిడుచును. చివరి ప్రకరణములో దానిని తీసి చూపినప్పుడు వానికి కలుగు ఆనందములో సగము, తాను మోసపోయినందులకు కలుగు ఆనందమే. తెనాలి బాలుని ‘వాన’ ఇట్టిదే.

తెలుగువారు ఈ తెరవెనుక పనితనమును పుస్తకములలోకంటె ముందుగా వెండితెరమీద మనసార అనుభవించిరి. 1955 జనవరిలో విడుదలయైన ‘మిస్సమ్మ’ను ఎవరును నేరకథ యనరు. కాని దాని చట్రము విప్పి చూడుడు. ఉద్యోగమునకై భార్యాభర్తలమని అబద్ధమాడి ఒక ఊరిలో దిగిన ఇద్దరు. చిన్ననాడు తప్పిపోయిన జమీందారుగారి కుమార్తె. ఆమెను కనిపెట్టుటకు పూనుకొన్న మేనల్లుడు రాజు. ఈ రాజు తన్ను తాను డిటెక్టివునని నమ్మినవాడు. అనుమానము వాని వృత్తి, ఆధారము వాని ఆహారము. తప్పిపోయిన పిల్లకు పాదముమీద పుట్టుమచ్చ యున్నదను గుర్తొకటి పట్టుకొని వాడు పడిన పాట్లు చూచి తెలుగుదేశమంతయు నవ్వినది. పరాయి ఆడపిల్ల పాదము చూడబోవు యువకుని లోకమేమనుకొనును? పరిశోధన ముందుకు సాగినకొలది పరిశోధకుని పరువు వెనుకకు పోవుచుండును. చివరకు నవ్వులపాలైన ఆ రాజు ఊహయే నిజమగును.

ఈ కథను తెలుగు చేసినవాడు చక్రపాణిగా ప్రసిద్ధుడైన ఆలూరి వెంకటసుబ్బారావుగారు, తెనాలి ప్రాంతమువారు. క్షయవ్యాధికి మదనపల్లె ఆరోగ్యశాలలో చికిత్స పొందుచున్నప్పుడు బెంగాలీ నేర్చి, శరత్తును తెలుగువారి యింటిమనిషిని చేసినవారు. ‘మిస్సమ్మ’కు రవీంద్రనాథ మైత్ర బెంగాలీ నాటకము ఒక ఆధారము, శరదిందు బందోపాధ్యాయుని ‘డిటెక్టివ్’ కథ మరియొక ఆధారము. ఈ శరదిందుడే వ్యోమకేశ బక్షిని సృష్టించినవాడు. వంగదేశమున గంభీరుడైన సత్యాన్వేషిని సృష్టించిన చేయి, తెనాలి చమత్కారముతో కలిసి, తెలుగున తడబడు డిటెక్టివును ప్రసాదించినది. ‘దేవదాసు’ (1953)తో విషాదమూర్తిగా నిలిచిపోవుదునేమో యని శంకించిన అక్కినేని నాగేశ్వరరావుగారు కోరి ఈ హాస్యపాత్రను ధరించిరి. 1957లో హిందీ ‘మిస్ మేరీ’లో అదే పాత్ర కిశోర్ కుమారునకు దక్కినది. కత్తిలేని, తుపాకిలేని, శవములేని పరిశోధన! పోయినది ఒక పిల్ల. దొరకవలసినదియు ఆ పిల్లయే. నేరకథలోని ఉత్కంఠను కుటుంబకథలోని ఆర్ద్రతతో ఇంత సులభముగా కలిపిన రచన తెలుగున మరల రాలేదనినచో అతిశయోక్తి కానేరదు.

ఇదే చక్రపాణిగారు నాగిరెడ్డిగారితో కలిసి 1947లో స్థాపించిన ‘చందమామ’కు తెనాలివారే యైన కొడవటిగంటి కుటుంబరావుగారు సుదీర్ఘకాలము ప్రాణము పోసిరి. అందులోని బేతాళకథలు పిల్లలకు న్యాయవిచారణలోని మొదటి పాఠములు. శవమును భుజాన వేసికొని మౌనముగా నడచు రాజు. తెలిసియు చెప్పకున్న తల పగులునను బెదిరింపు. చెప్పినంతనే చెట్టెక్కు శవము. ఇంతకంటె విపరీతమైన విచారణాస్థలము ఏ నవలలోనైన నున్నదా?

ఇక కొమ్మూరి సాంబశివరావుగారు. వారును 1926లో తెనాలియందే జన్మించిరి. ఆ ఊరి నీటియందేదో యున్నదని నమ్మక తప్పదు. దొంగలచేత తోడించిన బావి నీరు గదా! వారి డిటెక్టివు యుగంధరుడు చెన్నపట్టణమున నివసించును. సహాయకుని పేరు రాజు. ‘మిస్సమ్మ’లోని రాజు నవ్వించి పెద్ద డిటెక్టివైనాడు, ఈ రాజు యుగంధరుని చాటున బుద్ధిమంతుడై మెలగినాడు. సాంబశివరావుగారిది హాస్యరచన కాదు. ‘చావు కేక’, ‘లక్షాధికారి హత్య’ అను పేర్లే ఆ సంగతి చెప్పును. అయినను ‘ప్రాక్టికల్ జోకర్’ అను పేరును వారు పెట్టిరి. స్వాతంత్ర్యానంతరపు దశాబ్దములలో ఈ నవలలు చదువని ఇల్లు లేదు. చదివితిమని ఒప్పుకొన్న ఇల్లును లేదు. తరగతిగదులలో పారిజాతాపహరణము క్రింద యుగంధరుడు దాగియుండెడివాడు. (పారిజాతాపహరణమును దొంగతనపు కథయే యని గుర్తింపబోరు మన అధ్యాపకులు.)

ఈ పుస్తకములు పోయిన తీరుకూడ ఒక అపరాధకథయే. చౌకకాగితము, పలుచని అట్ట, కూడలిలోని అద్దెపుస్తకముల కొట్టు. ఒక ప్రతి గుంటూరునుండి నరసరావుపేటకు, అక్కడనుండి చిలకలూరిపేటకు, మార్టూరునకు బస్సులో ప్రయాణము చేయును. మిరపకల్లములో ఆరబోసిన కాయలకు రాత్రి కావలియున్నవాడు లాంతరు వెలుగున దానిని చదువును; ఘాటునకు తుమ్మును, కథకు తలుపు చప్పుడైనట్లు ఉలికిపడును. పదిచేతులు మారునప్పటికి చివరి నాలుగు పుటలు ఊడిపోవును. హంతకుడెవడో తెలియక ఆ పాఠకుడు పడు బాధను ఏ అలంకారికుడును వర్ణింపలేదు. దానికి తోడు, హంతకుని పేరును మొదటిపుటలోనే పెన్సిలుతో వ్రాసి ఆనందించు కొంటెవాడొకడు ప్రతియూరను ఉండును. నిజమైన సాహిత్యద్రోహి వాడే.

వేటపాలెమున 1918లో వెలసిన సారస్వత నికేతనము, 1929లో గాంధీమహాత్ముని చేత శంకుస్థాపన పొందిన భవనముతో, పాతపత్రికలను కాపాడి దేశమునకు మహోపకారము చేసినది. అప్పుడు గుంటూరు మండలములోనిది. 1970నుండి నేటి ప్రకాశము జిల్లాలోనిదై, 2022లో బాపట్ల జిల్లాలో చేరినది. ఒక శతాబ్దపు వార్తలు తెలియగోరువారు అక్కడికి పోవుదురు. కాని ఒక శతాబ్దపు ప్రజలు రాత్రి దీపము తగ్గించి ఏమి చదివిరో తెలియగోరువారు ఎక్కడికి పోవలెను? కావ్యములను భద్రపరచినంత శ్రద్ధతో డిటెక్టివు నవలలను ఎవరును భద్రపరచలేదు. పండితుడు వద్దనినాడు, పాఠకుడు చింపివేసినాడు. ఇద్దరి నడుమ పుస్తకము హతమైనది.

హాస్యమును అపరాధపరిశోధనను కలిపి నవలగా వ్రాసి మెప్పించిన ఖ్యాతి మల్లాది వెంకట కృష్ణమూర్తిగారిది. వారి ‘చంటబ్బాయ్’ నవలను 1986లో జంధ్యాలగారు చలనచిత్రముగా తీసిరి. తన పేరు పాండురంగారావైనను ‘జేమ్స్ పాండ్’ అని చెప్పుకొను పరిశోధకునిగా చిరంజీవిగారు నటించిరి. అందు శ్రీలక్ష్మిగారు ధరించిన కవయిత్రి పాత్ర పత్రికాసంపాదకుని పెట్టు హింస ఏ శిక్షాస్మృతికిని అందని నేరము. ఇక్కడను పరిశోధన తప్పిపోయిన ఒక మనిషి కొరకే సాగును. ‘మిస్సమ్మ’లో తప్పిపోయిన కూతురు, ‘చంటబ్బాయ్’లో కనబడని అన్నదమ్ముడు: తెలుగు హాస్యపరిశోధకుడు హంతకునికంటె ఎక్కువగా ఆత్మీయునే వెదకుచున్నాడు. ఇది ఆంగ్లకథలయందు ప్రధానముగా కనబడని స్వభావము.

2019లో వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ ఈ స్వభావమునకు క్రొత్త మలుపు. ప్రకాశమునకు ప్రక్కనున్న నెల్లూరిలో ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్ అని బోర్డు కట్టి, దానిని ఎఫ్‌బీఐ అని పిలుచుకొను యువకుడు; సినిమాలు చూచి పరిశోధన నేర్చినవాడు. మొదటి సగము నవ్వుటతోనే గడచును. రైలుపట్టాల ప్రక్కన దొరకిన అనాథశవముల కథలో తన తల్లి మరణము ముడిపడియున్నదని తెలిసిన పిదప ఆ నవ్వు గొంతులో నిలిచిపోవును. అంతవరకు వెఱ్ఱివానివలె కనబడినవాడు దుఃఖితుడని అప్పుడు తెలియును. స్వరూప్ దర్శకత్వము, నవీన్ పోలిశెట్టి నటన ఈ రెండు రంగులను చెదరకుండ కలిపినవి.

ఇంతవరకు నవ్వినాము. కాని ఈ మైదానమున నవ్వు వచ్చి ఆగవలసిన ఊరొకటి ఉన్నది. బాపట్లకు దాపున స్టూవర్టుపురము. 1871లో ఆంగ్లప్రభుత్వము చేసిన నేరజాతుల చట్టము, 1911 సవరణతో మద్రాసు రాజధానికి విస్తరించినది. కొన్ని కులములవారిని పుట్టుకతోనే దొంగలని ఆ చట్టము ముద్రవేసినది. ఉప్పు, ధాన్యము ఎద్దులమీద మోసికొని ఊరూర తిరిగి బ్రతికిన ఎరుకలవారి వ్యాపారమును రైలుబండి దెబ్బతీసినది. ఆపైన ఈ ముద్ర. సాల్వేషన్ ఆర్మీవారి పర్యవేక్షణలో వారిని ఉంచిన వసతులలో స్టూవర్టుపురమొకటి. ఒక ఆంగ్ల అధికారి పేరే దానికి నిలిచినది. హాజరుపట్టీలు, అనుమతిచీట్లు, రాత్రి తనిఖీలు. తండ్రి చేసిన నేరము సరే, పుట్టని బిడ్డ చేయబోవు నేరముకూడ పట్టికకెక్కినది. 1952లో దేశమంతట ఆ చట్టము రద్దైనది. ఊరి పేరునకు అంటిన మచ్చ మాత్రము రద్దుకాలేదు.

ఎక్కడ దొంగతనము జరిగినను ఆ ఊరిపేరు చెప్పి నవ్వుట ఈ జిల్లాలలో ఒక వాడుక. కథకులును, చలనచిత్ర రచయితలును ఆ పేరును సులభముగా వాడుకొనిరి. వినుకొండలో పుట్టిన మహాకవి జాషువాగారి కుమార్తె హేమలతాలవణంగారు ఆ ఊరికి పోయి, అక్కడివారితో కలిసి మెలసి, వారి పునరావాసమునకై పాటుపడి, ఆ అనుభవమును ‘నేరస్తుల సంస్కరణ’ యను గ్రంథముగా వ్రాసిరి. ఆ పుస్తకము చదివినవాడు ఆ ఊరిపేరు హాస్యమునకు వాడజాలడు. తెనాలి కవి వంకాయల దొంగ. కాని ఆయన దొంగతనమునకు ఆయన పుట్టుక కారణమని ఎవరైన ననిరా? శర్విలకుడు బ్రాహ్మణుడు, నిగమశర్మయు అంతియే. వారి నేరము వారి ఒక్కరి వింతబుద్ధిది. వారినిజూచి నవ్వుటకు ఏ ఊరును తలవంచుకొనలేదు. చిత్రమైన మనిషి ఒక్కడే. వానికి బదులు ఒక వాడ మొత్తమును నిలబెట్టి నవ్వమనిన రచన నేరకథ కాదు, పోలీసు పట్టికకు నకలు.

మరియొక సంగతికూడ ఈ మైదానపు పాఠకుని మనస్సున నుండును. 1987–88లో తెల్లదోమ పత్తిని తినివేసి, మందులు పనిచేయక, అప్పులు తీరక ఈ జిల్లాల రైతులు ప్రాణములు తీసికొనిరి. 1997–98లో ఆంధ్రదేశమున పత్తిరైతుల ఆత్మహత్యలు మరల హెచ్చినవి. కల్తీవిత్తనము, కల్తీమందు: వీనిలోను నేరస్థుడున్నాడు, మృతుడున్నాడు, ఆధారములున్నవి. సంచిమీద చీటీ యున్నది, కొట్టు రసీదున్నది. లేనిది చివరి ప్రకరణము. అందరిని ఒక గదిలో కూర్చుండబెట్టి “అడుగో, అతడే!” యని వ్రేలుచూపు యుగంధరుడు రాలేదు. అట్టి నేలమీద బ్రతుకువాడు సాయంకాలము అరుగుమీద కూర్చుండి, ముప్పదవ పుటలో నవ్వించి మూడువందలవ పుటలో నిజము చెప్పు పుస్తకమును కోరినచో, వానిని కాలక్షేపపు పాఠకుడని ఎవరు తక్కువచేయగలరు?

పేరులేని ఆ అక్క మరల జ్ఞాపకమునకు వచ్చుచున్నది. తమ్ముడు మూటతో పారిపోవుచుండగా త్రోవలో దొంగలు వానిని కొట్టి దోచుకొనిరి, దొంగసొత్తు దొంగలపాలైనది. దెబ్బలుతిన్నవానిని ఒక కాపు ఇంటికి కొనిపోయి కాపాడినాడు. అక్కడను వాడు బుద్ధిమంతుడు కాలేదు. కవి వానివెంట పరుగుపెట్టి, ఎన్నియో ఊళ్లు త్రిప్పి, చివరకు పుణ్యక్షేత్రమున వానికి మోక్షమునుకూడ ఇప్పించినాడు. పిఠికాపురములో, తెల్లవారిన యింటి వాకిట, ఖాళీ ముక్కు తడుముకొనుచు కూర్చున్న ఆమె యొద్దకు మాత్రము ఎవరును తిరిగి పోలేదు. ముక్కర దొరకలేదు.